చారలు లేని జంతువును లెక్కపెట్టడం: ఎలుగుబంటి జీనోమ్‌లో పదే పదే వచ్చే అక్షరాల కథ

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో పులిని ఎలా లెక్కపెడతారో ఇప్పుడు చాలామందికి తెలుసు. బాటకు రెండు వైపులా కెమెరాలు కడతారు. పులి నడిచి వెళ్తే రెండు పక్కల నుంచీ ఫొటో పడుతుంది. ఏ రెండు పులుల చారలూ ఒక్క తీరుగా ఉండవు కాబట్టి ఫొటోలు పోల్చి ఇది ఫలానా పులి అని తేల్చేస్తారు. 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశమంతటా జరుగుతున్న పులుల అంచనాకు ప్రధాన ఆధారం ఈ చారలే. చిరుతకు మచ్చలున్నాయి కనుక దానికీ ఇదే దారి పనికొస్తుంది. అదే బాట మీద, అదే కెమెరా ముందు నుంచి ఎలుగుబంటి వెళ్తే మాత్రం ఫొటోలో పడేది నల్లటి బొచ్చు ముద్ద. దాని ఛాతీ మీద తెల్లటి గుర్తు ఒకటి ఉంటుంది, నిజమే. కానీ తల దించుకుని చెదపుట్టల వాసన పట్టుకుంటూ పోయే జంతువు కెమెరాకు ఛాతీ చూపించదు. అందుకే కెమెరా చెప్పగలిగేది అడవిలో ఎలుగులు ఉన్నాయని మాత్రమే. పది ఫొటోలు పడితే అవి పది ఎలుగులవా, ఒక్కటే పదిసార్లు తిరిగిందా అన్నది తేలదు.

ఇది చిన్న లోటు కాదు. మన ఎలుగుబంటి (ఇంగ్లిష్‌లో స్లాత్ బేర్) వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్ జంతువు, అంటే చట్టం దృష్టిలో పులితో సమానం. అంతర్జాతీయ జాబితాల్లో ముప్పు అంచున ఉన్న జాతి. అయినా పులి సంఖ్య ఎంతో కాగితం మీద ఉంటుంది, ఎలుగు సంఖ్య మాత్రం ఎవరి అంచనా వారిది. పైగా దక్షిణ తెలంగాణలో ఎలుగు నల్లమలకే పరిమితమైన జీవి కాదు. మన్ననూరు, ఫర్హాబాద్, అప్పాపూర్ పెంట వైపు దట్టమైన అడవిలో తిరిగే జంతువే, నీడా చెదపుట్టలూ దొరికితే రాతిగుట్టల గుహల్లోనూ కాపురం పెడుతుంది. బళ్లారి దగ్గర దరోజీ ఎలుగుల అభయారణ్యం అలాంటి బండరాళ్ల సీమే. పాలమూరు, దేవరకొండ వైపు గుట్టలు చూసినవారికి ఆ పోలిక వెంటనే తడుతుంది. పల్లికాయ చేలోకో మక్క చేలోకో ఎలుగు దిగిందన్న కబురు వచ్చినప్పుడు అటవీ సిబ్బందికి ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా ఇదే: ఇది పాతదేనా, కొత్తగా వచ్చిందా? ఒక్కటా, గుంపా?

చారలు లేని ఈ జంతువుకు గుర్తింపు దాని కణాల్లో ఉంది. అదీ చాలాకాలం పాటు చెత్త అని తీసిపారేసిన భాగంలో.

పనిలేని అక్షరాలు అనుకున్నవి

ఎలుగుబంట్ల జీనోమ్, అంటే ఒక కణంలోని డీఎన్‌ఏ వరస మొత్తం, దాదాపు 240 కోట్ల అక్షరాల పొడవు. ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలే అటూఇటూ మారుతూ అంత పొడవునా ఉంటాయి. ఇందులో ప్రొటీన్ల తయారీకి పనికొచ్చే జన్యువుల అక్షరాలు ఒకటి రెండు శాతానికి మించవు. మిగతా దాంట్లో పెద్ద వాటా పునరావృత డీఎన్‌ఏది, అంటే ఒకే వరస వందలసార్లు, వేలసార్లు, ఒక్కోచోట లక్షలసార్లు తిరిగి తిరిగి వచ్చే భాగాలది.

ఈ సంగతి జీనోమ్‌లు చదవడం మొదలయ్యాక తెలిసింది కాదు. అమెరికాలో రాయ్ బ్రిటెన్, డేవిడ్ కోహ్నే 1968లోనే బయటపెట్టారు. వాళ్లు చేసిన పని వినడానికి చాలా సాదాగా ఉంటుంది. డీఎన్‌ఏను ముక్కలు చేసి, వేడి చేసి, రెండు పోగులూ విడిపోయేలా చేశారు. తర్వాత చల్లార్చి అవి ఎంత వేగంగా మళ్లీ జత కడతాయో చూశారు. జంట ఒక్కటే ఉన్న ముక్క తన జతను వెతుక్కోవడానికి చాలాసేపు పడుతుంది. లక్ష నకళ్లు ఉన్న ముక్కకు జత ఇట్టే దొరుకుతుంది. జంతువుల డీఎన్‌ఏలో ఒక భాగం అనుకున్నదానికన్నా ఎంతో వేగంగా జత కట్టింది. అంటే అందులో ఒకే రకం ముక్కలు లెక్కకు మించి ఉన్నాయన్నమాట. నాలుగేళ్లకు, 1972లో, సుసుము ఓనో ఇలాంటి వాటికి ‘జంక్’ అన్న పేరు తగిలించాడు. ఆ పేరు మహా మొండిది, ఇప్పటికీ పోలేదు.

పునరావృతాలన్నీ ఒక్క జాతివి కావు, ఈ తేడా తెలియకపోతే తర్వాతి కథ అర్థం కాదు. కొన్ని ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉంటాయి. ఆ బారు రెండు మూడు అక్షరాల చిన్న మాటతో అయితే, ఉదాహరణకు సిఎసిఎసిఎసిఎ అని ఇరవైసార్లు వస్తే, దాన్ని మైక్రోశాటిలైట్ అంటారు. వందల అక్షరాల పెద్ద మాటే లక్షల అక్షరాల దూరం సాగితే అది శాటిలైట్ డీఎన్‌ఏ. క్రోమోజోమ్ నడుముగా పనిచేసే సెంట్రోమియర్ చుట్టూ ఇదే పేరుకుని ఉంటుంది. ఇంకొన్ని బారులు తీరవు. జీనోమ్ అంతటా అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉంటాయి. ఇవి ట్రాన్స్‌పోజాన్లు, తమ నకలును తామే వేరేచోట దూర్చుకోగల ముక్కలు. మొక్కజొన్న గింజల రంగులు మారడం చూసి బార్బరా మెక్‌క్లింటాక్ 1940లలో వీటిని పట్టుకుంది. ఆమె మాట నమ్మడానికి లోకానికి చాలా ఏళ్లు పట్టింది, నోబెల్ 1983లో వచ్చింది.

కట్లపాము నుంచి వచ్చిన పద్ధతి

ఈ కథలో హైదరాబాద్‌కు సొంత వాటా ఉంది, అదీ ఎలుగుతో సంబంధం లేని ఒక పాము ద్వారా. లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త ఎడిన్‌బరోలో కెన్ జోన్స్ బృందంతో పనిచేస్తూ పసుపు నలుపు పట్టీల కట్లపాములో ఆడ క్రోమోజోమ్ మీద ఎక్కువగా పేరుకున్న ఒక శాటిలైట్ డీఎన్‌ఏను 1980 ప్రాంతంలో వెలికితీశాడు. అందులో ‘జిఎటిఎ’ అనే నాలుగక్షరాలు మళ్లీ మళ్లీ వస్తాయి. చిత్రం ఏమిటంటే ఈ నాలుగక్షరాల వరస పాములకే కాదు, మనుషులకు, ఇతర జంతువులకు కూడా ఉంది. ఎన్నిచోట్ల ఉంది, ఎన్నిసార్లు తిరిగింది అన్నది మాత్రం మనిషికీ మనిషికీ మారుతుంది. ఆ తర్వాత ఆయన హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి (సీసీఎంబీ) వచ్చి, కట్లపాము డీఎన్‌ఏనే ఆధారంగా చేసుకుని మనిషిని గుర్తుపట్టే దేశీయ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని నిలబెట్టాడు. ఇంగ్లాండ్‌లో అలెక్ జెఫ్రీస్ 1984లో వేరే రకం పునరావృతాలతో చేసిందీ ఇలాంటిదే. 1980ల చివరికల్లా ఇది మన కోర్టుల దాకా వెళ్లింది.

మనిషి కోసం పుట్టిన ఆ పద్ధతిని అడవి జంతువులకు మళ్లించడానికి పెద్దగా దూరం పోనక్కర్లేదు. సీసీఎంబీకి చెందిన లాకోన్స్, అంటే అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ ప్రయోగశాల, హైదరాబాద్ అత్తాపూర్‌లో ఉంది. 2007లో దీన్ని జాతికి అంకితం చేశారు. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే కొన్ని గంటల ప్రయాణం. వన్యప్రాణి నేరాల్లో దొరికిన చర్మం, మాంసం, గోరు ఏ జంతువుదో తేల్చే పని కూడా ఇక్కడ జరుగుతుంది. ఎలుగు విషయంలో ఆ పని అవసరం ఎక్కువే. పిత్తాశయం కోసం, గోళ్ల కోసం ఎలుగులను చంపే వ్యాపారం పాతది.

ఇరవైసార్లా, ఇరవై రెండుసార్లా?

మైక్రోశాటిలైట్ ఎందుకు పనికొస్తుందో దాని బలహీనతే చెబుతుంది. కణం విడిపోయేటప్పుడు డీఎన్‌ఏకు నకలు తయారవుతుంది. సిఎసిఎసిఎ అంటూ సాగే చోట నకలు తీసే ఎంజైము అప్పుడప్పుడు జారుతుంది. ఒక ‘సిఎ’ ఎక్కువ పడుతుంది, లేదా తక్కువ పడుతుంది. మామూలు అక్షరం ఒకటి తరానికి మారే అవకాశం పది కోట్లలో ఒకటి వరసలో ఉంటే, ఇలాంటి చోట పొడవు మారే అవకాశం వెయ్యిలో ఒకటి నుంచి పది వేలలో ఒకటి దాకా ఉంటుంది. కొన్ని వందల తరాలు గడిచేసరికి ఒకే అడవిలోని జంతువుల్లో అదే చోట పదహారుసార్లు, పంతొమ్మిదిసార్లు, ఇరవై మూడుసార్లు తిరిగే రూపాలు పోగవుతాయి. ప్రతి జంతువుకూ తల్లి నుంచి ఒక రూపం, తండ్రి నుంచి ఒక రూపం వస్తాయి. కెనడాలో పేట్కావ్, స్ట్రోబెక్ 1990లలో నల్ల ఎలుగులకు, ధ్రువపు ఎలుగులకు ఇలాంటి స్థానాలను గుర్తించాక ఎలుగుల జాతులన్నిటికీ దారి తెరుచుకుంది. ఒక ఎలుగు జాతిలో కనుగొన్న స్థానాలు తరచూ మరో ఎలుగు జాతిలోనూ పనిచేస్తాయి. మన ఎలుగుకూ అవే అరువు దొరికాయి.

ల్యాబులో ఇది ఎలా కనబడుతుందో ఒక్కసారి దగ్గరగా చూడాలి. ఇక్కడ చెప్పే అంకెలు ఊహించినవే, తీరు మాత్రం అసలుదే. అడవిలో ఎత్తిన మలం నుంచి డీఎన్‌ఏ తీస్తారు, పీసీఆర్ అనే నకళ్లు తీసే ప్రక్రియలో ఆ ఒక్క స్థానాన్ని కోట్ల రెట్లు పెంచుతారు, యంత్రం దాని పొడవును కొలిచి తెర మీద శిఖరాలుగా చూపిస్తుంది. 182 అక్షరాల పొడవు దగ్గర ఒక శిఖరం, 186 దగ్గర ఒక శిఖరం. అంటే ఈ జంతువుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ‘సిఎ’ల తేడాతో వచ్చాయి. కానీ 180 దగ్గర కూడా ఒక పొట్టి శిఖరం లేస్తుంది. అది జంతువులో లేదు. పీసీఆర్ ఎంజైము కూడా జంతువు కణంలోని ఎంజైము జారినట్టే జారింది, దాని నీడ అది. అలవాటుపడ్డ కన్ను దాన్ని పక్కన పెడుతుంది. అసలు ప్రమాదం దీనికి తిరగబడ్డది. మలం రెండు రోజులు ఎండలో ఉంటే డీఎన్‌ఏ తునకలైపోతుంది. దొరికిన ఆ నాలుగు తునకల్లో 186 రూపం అసలే లేకపోవచ్చు. అప్పుడు తెర మీద 182 ఒక్కటే లేస్తుంది. ఈ జంతువుకు రెండు వైపుల నుంచీ 182 వచ్చిందని రాసుకుంటారు. పుస్తకంలో అడవిలో లేని ఒక కొత్త ఎలుగు పుడుతుంది.

ఈ లేని ఎలుగులు ఎంత నష్టం చేస్తాయో లెక్కతోనే తెలుస్తుంది. ఒక అడవిలో మొదటి విడతలో 30 ఎలుగుల్ని డీఎన్‌ఏతో గుర్తించారనుకుందాం. రెండో విడతలో 24 దొరికాయి, వాటిలో 12 ముందువే. 30ని 24తో హెచ్చించి 12తో భాగిస్తే మొత్తం 60 ఎలుగులని అంచనా. అదే 12 పాత ఎలుగుల్లో నాలుగింటికి ఒక రూపం జారిపోయి, అవి కొత్తవిగా కనబడ్డాయనుకుందాం. పాతవి 8కి పడిపోతాయి. అంచనా 90కి ఎగబాకుతుంది. అడవిలో ఒక్క ఎలుగూ పెరగలేదు, నాలుగు శిఖరాలు లేవలేదు, అంతే. సంరక్షణ వల్ల జంతువుల సంఖ్య బాగా పెరిగిందని శాఖ సంబరపడే నివేదిక వెనక ఇలాంటిది ఉండే ప్రమాదాన్ని చదివేవాళ్లు గుర్తుంచుకోవాలి. అందుకే 1990ల మధ్య నుంచి ఫ్రాన్స్ బృందం చూపిన పద్ధతిలో ఒక్కో నమూనాను అనేకసార్లు విడివిడిగా పరీక్షించి, మెజారిటీ చెప్పినదాన్నే నమ్ముతారు. పిరెనీస్ కొండల్లో మిగిలిన నాలుగైదు ఎలుగులను గుర్తుపట్టడానికి వాళ్లకు ఇంత ఓపిక అవసరమైంది.

తప్పు రెండో వైపు నుంచి కూడా వస్తుంది, అప్పుడు సంఖ్య తగ్గుతుంది. మన ఎలుగు సాధారణంగా రెండు పిల్లల్ని ఈనుతుంది, పిల్లలు నెలల తరబడి తల్లి వీపు మీద స్వారీ చేస్తాయి. ఇలా పిల్లల్ని వీపున ఎక్కించుకు తిరిగే అలవాటు మిగతా ఎలుగుల కంటే దీనికే ఎక్కువ. కాబట్టి ఒకే పుట్ట దగ్గర, ఒకే నీటి చెలమ దగ్గర దొరికే నమూనాల్లో తల్లీ పిల్లలవి, తోబుట్టువులవి ఎక్కువగా ఉంటాయి. సంబంధం లేని రెండు జంతువులు ఒక స్థానంలో కలిసే అవకాశం పదిలో ఒకటి అనుకుంటే ఆరు స్థానాలకు పది లక్షల్లో ఒకటి, భయం లేదు. అన్నదమ్ములైతే ఒక్కో స్థానంలో ఆ అవకాశం పదిలో నాలుగు దాకా ఉండొచ్చు. ఆరు స్థానాలు చూస్తే దాదాపు 244లో ఒకసారి ఇద్దరూ ఒక్కటిగానే కనబడతారు. పది స్థానాలు చూస్తే అది 9,500లో ఒకసారికి తగ్గుతుంది. ఖర్చు తగ్గిద్దామని స్థానాలు కుదించే ముందు ఎలుగు కుటుంబం ఎలా బతుకుతుందో తెలిసినవాడిని అడగడం మేలు.

నమూనా తేవడం కూడా ల్యాబు పనంత పనే. మండు వేసవిలో ఇప్పపూలు, తునికి పండ్లు, మొర్రి పండ్లు తిన్న ఎలుగు మలంలో పండ్ల రంగు, గింజలు, చెదల డొక్కలు నిండి ఉంటాయి. ఎలుగు సొంత కణాలు పేగు గోడ నుంచి రాలినవి కాసిని మాత్రమే. పైగా పండ్ల పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. వెంట్రుక దొరికితే కుదురు ఉండాలి, తెగిన వెంట్రుక దాదాపు దండగ. ఉత్తర అమెరికాలో ఎర పెట్టి చుట్టూ ముళ్ల తీగ కట్టి వెంట్రుకలు సేకరిస్తారు. 2004లో మోంటానా వాయవ్య భాగంలో అలా చేసిన సర్వే 765 గ్రిజ్లీ ఎలుగులున్నాయని అంచనా వేసింది. నల్లమలలో ఏ బాటలో ఏ వేళ తాజా మలం దొరుకుతుందో చెంచు వాచర్‌కు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. సేకరణ అంతా ఆ ఒక్క కన్ను మీద ఆధారపడుతుంది. ఆ పనికి దక్కే కూలీ మాత్రం ల్యాబు బడ్జెట్‌లో ఒక చిల్లర పద్దు.

పాండా జీనోమ్‌లో మిగిలిన ఖాళీలు

గుర్తుపట్టడానికి ఇంతగా అక్కరకొచ్చే పునరావృతాలే జీనోమ్ మొత్తాన్ని చదవబోతే పెద్ద అడ్డంకి. ఎలుగు కుటుంబంలో మొదట పూర్తిగా చదివినది పెద్ద పాండాను. జింగ్‌జింగ్ అనే మూడేళ్ల ఆడ పాండా డీఎన్‌ఏను చైనా బృందం సగటున 52 అక్షరాల చిన్న ముక్కలుగా చదివి, కంప్యూటర్‌తో కలిపి, 2010 మొదట్లో ప్రచురించింది. అంత చిన్న ముక్కలతోనే ఒక పెద్ద జంతువు జీనోమ్‌ను అతికించడం అప్పట్లో సాహసం. బతుకమ్మ పాట కాగితాన్ని చించి పేలికలు చేస్తే, కథ ఉన్న పేలికను ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది కానీ ‘ఉయ్యాలో’ అని మాత్రమే ఉన్న పేలిక ఏ చరణం చివరిదో చెప్పలేం. సరిగ్గా ఆ ఇబ్బందే వచ్చింది. 94 శాతం దాకా అతికింది. మిగిలిన ఖాళీల్లో ఉన్నవి మాంసాహార జంతువులకే ప్రత్యేకమైన పునరావృతాలు, బారులు తీరిన పునరావృతాలు అని ఆ బృందమే రాసింది. చదవగలిగిన భాగంలో కూడా మూడో వంతుకు పైగా ట్రాన్స్‌పోజాన్లే.

మనిషి జీనోమ్‌కూ ఇదే జరిగింది. 2003లో పూర్తయిందన్నారు. నిజంగా పూర్తయింది 2022లో. మధ్యలో మిగిలిన దాదాపు 20 కోట్ల అక్షరాల్లో ఎక్కువ భాగం పునరావృతాలే. వేల అక్షరాలు ఒక్క ఊపులో చదివే కొత్త యంత్రాలు వచ్చాకే ఆ ఖాళీలు నిండాయి. కాబట్టి ఏదైనా ఎలుగు జీనోమ్ ‘చదివేశారు’ అన్న వార్త కనబడితే అది పొట్టి ముక్కలతోనా, పొడవు ముక్కలతోనా అని చూడటం మంచిది. మొదటిదైతే అందులో పునరావృతాల గురించి వచ్చే అంకెలన్నీ తక్కువ వైపు మొగ్గి ఉంటాయి.

క్రోమోజోముల సంగతి ఇక్కడే ఒక మాట. మన ఎలుగుకు 74 క్రోమోజోములు. గోధుమ రంగు ఎలుగుకు, ధ్రువపు ఎలుగుకు కూడా అంతే. పెద్ద పాండాకు 42, దక్షిణ అమెరికా కళ్లద్దాల ఎలుగుకు 52. పాత క్రోమోజోములు ఒకదానితో ఒకటి అతుక్కోవడం వల్ల సంఖ్య తగ్గింది. పాండా ఎలుగా, రాకూన్ చుట్టమా అన్న వందేళ్ల తగువు తీరడంలో 1985లో స్టీఫెన్ ఓబ్రయన్ బృందం ఈ అతుకుల్ని గుర్తుపట్టడం పెద్ద మెట్టు.

దూకిన చోటే సాక్ష్యం

చెదిరిన పునరావృతాలు చెప్పే కథ వేరు. ఎలుగు ఎవరన్నది వాటితో తేలదు, ఎలుగు ఎవరి బంధువన్నది తేలుతుంది. కుక్క, పిల్లి, ఎలుగు వంటి మాంసాహార జంతువుల వంశంలో ‘సైన్’ రకం పొట్టి ట్రాన్స్‌పోజాన్ ఒకటి లక్షల నకళ్లుగా వ్యాపించింది. రెండు వందల అక్షరాల చుట్టుపక్కల పొడవు, పుట్టుక ప్రొటీన్ల తయారీలో పనిచేసే టీఆర్ఎన్ఏ అనే అణువు ఒకదాని నుంచి. ఇది 240 కోట్ల అక్షరాల్లో ఎక్కడైనా దూరగలదు. రెండు జంతువుల్లో అది సరిగ్గా ఒకే చోట కనబడితే యాదృచ్ఛికంగా రెండుసార్లు అక్కడే దూరిందనడం కన్నా, ఇద్దరి పూర్వికుడిలో ఒకసారి దూరి ఇద్దరికీ వచ్చిందనడం న్యాయం. చుట్టరికానికి ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం జీనోమ్‌లో అరుదు.

అయినా ఎలుగుల దగ్గరికి వచ్చేసరికి ఆ సాక్ష్యమూ ఒక్క మాట మీద నిలబడలేదు. జర్మనీలోని యాంకె బృందం 2017లో ఎలుగు జాతుల జీనోమ్‌లలో లక్షకు పైగా ఇలాంటి చొరబాట్లను గుర్తించి పోల్చింది. మన ఎలుగు, ఆగ్నేయాసియా సూర్య ఎలుగు, హిమాలయ నల్ల ఎలుగు — ఎవరు ముందు విడిపోయారన్న దానికి కొన్ని చొరబాట్లు ఒక సమాధానం, మరికొన్ని ఇంకో సమాధానం చెప్పాయి. అదే ఏడాది అదే బృందం మామూలు అక్షరాలతో చేసిన పోలికలోనూ ఇదే గందరగోళం. కారణం పొరపాటు కాదు. ఈ జాతులు వేగంగా విడిపోయాయి, విడిపోయాక కూడా కలిసి పిల్లల్ని కన్నాయి. 1791లో జార్జ్ షా ఈ జంతువును చెట్లకు వేలాడే దక్షిణ అమెరికా జంతువు స్లాత్‌తో కలిపి వర్గీకరించినప్పటి నుంచి చూస్తే — పై దవడలో మధ్య పళ్లు రెండు లేకపోవడం, పొడవాటి గోళ్లు ఆయన్ని దారి తప్పించాయి — ఇప్పుడున్న సందిగ్ధం ఎంతో ఉన్నత స్థాయిది.

ఇక ‘జంక్’ అన్న మాట సంగతి. మాంసాహార జంతువుల ఈ సైన్ ముక్కే డాబర్‌మన్ కుక్కల్లో మెలకువకు తోడ్పడే హైపోక్రెటిన్ గ్రాహక జన్యువు దగ్గర దూరి, ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే జబ్బుకు కారణమైందని 1999లో తేలింది. మరో సైన్ చొరబాటు కుక్కల చర్మానికి మచ్చల మర్ల్ రంగు తెచ్చింది. కాబట్టి పునరావృతాలన్నీ పనికిరానివి అనడం తప్పు. అలాగని ప్రతి పునరావృతానికీ ఒక గొప్ప పని ఉందనడం కూడా అంతే తొందరపాటు. మైక్రోశాటిలైట్ గుర్తింపుకు ఇంత బాగా పనిచేయడానికి అది చాలాచోట్ల ఏ పనీ చేయకపోవడమే కారణం. పొడవు మారినా జంతువుకు లాభం లేదు, నష్టం లేదు. అందుకే తేడాలు తొలగిపోకుండా పోగవుతాయి.

కృష్ణకు అటూ ఇటూ

దక్షిణ తెలంగాణకు అసలు ప్రశ్నలు ఇక్కడ మొదలవుతాయి. 2014 దాకా నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ ఒక్కటే. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ అయింది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని నాగర్‌కర్నూల్ వైపు, నల్గొండలో దేవరకొండ, చందంపేట వైపు కలిపి 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. మధ్యలో హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా అడవిని చీలుస్తూ పోతుంది. దక్షిణాన కృష్ణ, నది మీద రెండు పెద్ద జలాశయాలు. అడవికి బయట, చేల మధ్య దీవుల్లా రాతిగుట్టలు.

వీటిలో ఏది ఎలుగులను విడదీస్తోంది? మధ్య భారతంలో సాత్పురా–మైకల్ అడవుల్లో మలం నమూనాలతో, ఇవే మైక్రోశాటిలైట్లతో ఈ ప్రశ్న వేశారు. 2015లో ప్రచురించిన ఆ అధ్యయనం అభయారణ్యాల మధ్య ఎలుగుల రాకపోకలను అంచనా కట్టింది. రోడ్లు, జనసాంద్రత, అడవి నరికిన చోట్లు ఒక్కో జంతువును ఒక్కోలా అడ్డుకుంటాయని తర్వాతి పరిశోధనలు చూపాయి. దారి మూసుకుపోతే ఏమవుతుందో అలాస్కాలోని కోడియాక్ దీవి చెబుతుంది. మంచుయుగం ముగిసినప్పటి నుంచి, దాదాపు 12,000 ఏళ్లుగా, అక్కడి గోధుమ రంగు ఎలుగులు ఒంటరివి. జంతువుకు తల్లి నుంచీ తండ్రి నుంచీ వేర్వేరు రూపాలు వచ్చిన స్థానాలు అక్కడ నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ. ఖండం మీది చాలా మందల్లో మూడింట రెండొంతులకు పైనే. సంఖ్య వేలల్లో ఉన్నా వైవిధ్యం కరిగిపోయింది. పాలమూరు గుట్ట మీద పది ఎలుగులుంటే, చుట్టూ సాగు భూమి ఉంటే, ఆ కరగడం ఇంకా వేగంగా జరుగుతుంది. అక్కడి ఎలుగు నల్లమలకు పోయి వస్తోందా లేదా అన్నది కంచె వేయాలా, దారి వదలాలా అన్న నిర్ణయానికి ముందు తెలియాల్సిన సంగతి.

నది విషయంలో మాత్రం తొందరపడి తీర్పు చెప్పకూడదు. నాగార్జునసాగర్ పూర్తయింది 1967లో, శ్రీశైలం 1980ల మొదట్లో. ఎలుగు లెక్కలో ఇది కొద్ది తరాలే. మైక్రోశాటిలైట్లు వేగంగా మారతాయన్నది నిజమే కానీ రెండు పెద్ద మందలు నిన్నమొన్న విడిపోతే ఆ తేడా కనబడటానికి అంత కాలం చాలదు. తేడా కనబడిందంటే అది జలాశయాలది కాకపోవచ్చు, వాటికి ముందు నుంచీ ఉన్న లోయది కావచ్చు. ఇంకో సంభావ్యత కూడా ఉంది, అది ఎలుగులకు సంబంధించినదే కాదు. ఉత్తర ఒడ్డు నమూనాలు ఒక రాష్ట్రం సేకరిస్తుంది, దక్షిణ ఒడ్డువి మరో రాష్ట్రం. రెండు వేర్వేరు ల్యాబులకు వెళ్తాయి. ఒకే డీఎన్‌ఏను ఒక యంత్రం 182గా, మరో యంత్రం 184గా చూపడం మైక్రోశాటిలైట్ల పనిలో కొత్త కాదు. రంగు, రసాయనం, యంత్రం రకం మారితే ఇలా జరుగుతుంది. ఈ రెండక్షరాల తేడాను ఎవరూ గమనించకపోతే అటు ఎలుగులన్నీ ఒక రకం, ఇటు ఎలుగులన్నీ ఒక రకం అని పట్టికలో పడుతుంది, కృష్ణ దాటరాని గోడ అయిపోతుంది. అందుకే సేకరణ మొదలైన ఏడాదే రెండు ఒడ్డుల నుంచీ కొన్ని నమూనాలు తీసుకుని, అవే నమూనాలను రెండు ల్యాబుల్లోనూ నడిపి, స్థానం స్థానానికీ తేడా ఎంతో రాసిపెట్టుకోవాలి. అంకెకు బదులు అక్షరాలనే నేరుగా చదివే పద్ధతికి మారితే ఈ చిక్కు చాలావరకు పోతుంది. ఖర్చు కొంత పెరిగినా, రెండు రాష్ట్రాల నమూనాలను పక్కపక్కన పెట్టి పోల్చాల్సిన చోట ఆ దారే ఎంచుకోవాలి.